డౌన్ల పడిపోయే మీటరు

నేను లారీ మిస్త్రీని. పేరు ఏసుదాసు, గాని గా పేరుతోని పిలిస్తె నేనే తిరిగి చూడ. దాసు మిస్త్రీ అంటెనే పలుకుత. పుట్టింది కేతేపల్లి దిక్కు, పనిచేసింది ఎక్కువ నార్కట్‌పల్లి అడ్డమీద. ఇప్పుడు మోకాళ్లు పోయినయి. బండి కిందికి దూరితె మల్ల నన్ను బయటికి గుంజాలంటె ఇద్దరు మనుషులు గావాలె. అందుకే రెంచి పక్కన వెట్టి పెన్ను వట్టిన.

ఈ పనిలకు కొత్తగ దిగే పిల్లలు అడుగుతుంటరు, "దాసన్నా, ఏం నేర్సుకోవాలె?" అని. ఏ బోల్టు ఎటు తిప్పాలెనో మీకు ఎవ్వలైనా చెప్తరు. ఇప్పుడైతె వైరు తగిలిస్తె కంప్యూటరే చెప్తదట. నేను చెప్పేది గది గాదు. ఇన్నేండ్ల పనిల నన్ను బిత్తరపోయేటట్టు జేసిన సంగతి ఒకటుంది. అన్నం కాడ యాదికొస్తె ఇప్పటికి ముద్ద దిగదు. ఎవ్వరికన్న చెప్పకపోతె నాతోనే పోతదని రాస్తున్న. మాట్లాడినట్టే రాస్తున్న, నడుమ నడుమ తిట్లు దొర్లితె మీరే సర్దుకోండ్రి.

మార్చి చూసే రోగం

నేను పనిల చేరింది ఎనభైలల్ల, నల్లగొండల ఒక పెద్ద షెడ్డుల. మా ఫోర్మన్ మంచోడే. ఆకలైతుందంటె తన డబ్బలకెల్లి సగం రొట్టె తీసి ఇచ్చేటోడు. గాని పని కాడ ఆయనకు ఒక్కటే మాట వచ్చు, "మార్చి చూడు." లైటు ఎలుగుతలేదా, బల్బు మార్చి చూడు. బల్బుతోని గాలేదా, స్విచ్చి మార్చి చూడు. అదీ గాకపోతె ఓనర్నే మార్చి చూద్దాం అని మేం ఎనక నవ్వుకునేటోళ్లం.

ఒకపారి సెల్ఫు కొడుతలేదని ఒక లారీ వచ్చింది. సెల్ఫు మోటరు మార్చినం. బ్యాటరీ మార్చినం. మల్ల ఇంకో మోటరు మార్చినం. బండి ఓనరు మొఖం చూస్తె మాకే పాపమనిపిచ్చింది. ఆఖరికి తేలిందేందంటె, బండికి కొత్తగ రంగు ఏపిచ్చిండ్రు. పెయింటరు పని మీద భక్తితోని ఎర్తు వైరు బోల్టు ఇప్పి, దాని కింద గూడ నున్నగ రంగు కొట్టి, మల్ల బిగిచ్చిండు. రంగు మీదికెల్లి కరెంటు యాడ పోతది? ఎమ్రీ కాయితంతోని జర గీకంగనే బండి గిర్రున లేసింది. అందరు నవ్విండ్రు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంతమందిమి ఉండి "ఈ బండికి ఈ మధ్య ఏం జేసిండ్రు?" అని ఒక్కడన్న అడగలే.

నన్ను తిట్టినా సరే, చెప్తున్న ఇనుండ్రి. పార్టు మార్చేటోడు మిస్త్రీ గాడు, పార్టుల దుకాణపోని చుట్టం. బండి ఏం చెప్తాందో, బండి నడిపేటోడు ఏం చెప్తాండో ఇననోడు మిస్త్రీ గాలేడు. ఈ మాట నేను చానమందికి చెప్పిన. చెప్పిన నాకే అది ఎంత లోతుదో గప్పుడు తెల్వకుండె.

గా జమానల స్పీడు మీటరంటె ఏముండె? గేర్‌బాక్స్ కాడికెల్లి డ్రైవరు ముంగటి దాంక ఒక తీగ. గేర్‌బాక్స్ తిరిగితె తీగ తిరుగుతది, తీగ తిరిగితె ముల్లు లేస్తది. తీగ తెగితె మీటరు సచ్చినట్టే. సగం లారీలల్ల సచ్చే ఉండేది, ఎవ్వడు పట్టించుకున్నడు? డ్రైవర్లకు ఇంజన్ సప్పుడే మీటరు.

అంజయ్య సేటు కొత్త బండి

తొంభైలు గడుస్తాంటె తీగ లేని మీటర్లు వచ్చినయి. నార్కట్‌పల్లిల అసుంటి బండి కొన్నోళ్లల్ల అంజయ్య సేటు మొదటోడు. ఈయన పుట్టు సేటు గాదు. ఏండ్లకేండ్లు స్టీరింగ్ తిప్పి తిప్పి, కడుపు కట్టుకొని ఒక లారీ కొని, దాని మీద ఇంకోటి కొని, గట్ల ఓనరైండు. మాట కటువు. హోటల్ కాడ ఆయన గొంతు ఇనవడితె డ్రైవర్లు చాయ్ సగంల ఇడిసి బండెక్కేటోళ్లు.

ఈ కొత్త బండిని గ్యాస్ సిలిండర్ల కిరాయికి పెట్టిండు. ప్లాంటుల నింపుకొని మహబూబ్‌నగర్ మీదికెల్లి కోస్గి దిక్కు ఏజెన్సీలకు ఏసుడు. గ్యాస్ గదా, ప్లాంటోళ్లు ఒక షరతు పెట్టిండ్రు. స్పీడు మీటరు ఖాయంగ నడవాలె, స్పీడు ఎక్కువైతె బండిల బజరు మొత్తుకోవాలె. మీటరు నడవని బండిని గేటు లోపటికి రానియ్యరు.

ఈ మీటరు ఎట్ల పనిజేస్తదో ఒక్క ముక్కల చెప్త. గేర్‌బాక్స్ ఎనక, బయటికొచ్చే షాఫ్టు మీద ఒక పండ్ల చక్రం ఉంటది. దాని ముంగట బొటనవేలంత సెన్సరు. ఒక్కో పన్ను ముంగటికెల్లి పోయినప్పుడల్ల సెన్సరు లెక్కవెట్టి మీటరుకు చెప్తది. చక్రానికి, సెన్సరుకు నడుమ గోరు మందం సందు. గంతే.

బండి తోలేటోడు జహంగీరు. మేం జంగీరు అనేటోళ్లం. కోస్గి మనిషి. నెమ్మదస్తుడు, బండిని తన సొంత ఎడ్ల లెక్క చూసుకునేటోడు. టైర్లల్ల ఇరికిన రాళ్లు రోజు పొద్దుగాల స్క్రూడ్రైవరుతోని ఏరేటోడు. గసుంటి డ్రైవరు దొరుకుడు కష్టం. ఆయన్ను స్టీరింగ్ మీద కూసోవెట్టింది, పని నేర్పింది అంజయ్య సేటే.

ఇగ రోగం మొదలైంది. మీటరు ముల్లు నడుస్తనే నడుస్తనే సున్నకు పడిపోవుడు, మల్ల లేసుడు, మల్ల పడుడు. ప్లాంటు గేటు కాడ ఆపిండ్రు. బండి నార్కట్‌పల్లిల నా షెడ్డు కాడికొచ్చింది.

"ఎప్పుడు పడిపోతాంది జంగీరూ?" అని అడిగిన.

"డౌన్ల పడిపోతాంది అన్నా. గడ్డ ఎక్కేటప్పుడు మంచిగనే ఉంటది. డౌన్లనే."

సెన్సరు ఇప్పి చూసిన. మూతి మీద గీకినట్టు ఉంది. కొత్తది ఏసిన. కొన్ని దినాలు మంచిగ నడిచింది, మల్ల అదే కథ. ఈపారి వైరు మొత్తం మార్చిన. మల్ల వచ్చింది. మీటరే మార్చిన. మల్ల వచ్చింది. ఇప్పిన ప్రతి సెన్సరు మూతి గీకే ఉంటాంది. నడుమ ఇంకో షాపుల ఎవ్వడో మహానుభావుడు సెన్సరు కింద వాషరు ఏసి జర పైకి లేపిండు. గీకుడు తగ్గింది గాని ముల్లు పడుడు ఎక్కువైంది.

నేను స్వయంగ బండెక్కి డౌన్ల నడిపి చూసిన. లోడు మీద చూసిన, ఖాళీగ చూసిన. గేరుల పెట్టి నిమ్మలంగ దించుకుంట ముల్లునే చూసిన. ఒక్కపారి గూడ పడలే. జంగీరు తోల్తె పడుతది, నేను తోల్తె పడదు. అప్పటికి నా మనసుల గూడ ఒక అనుమానం పురుగు దొలిచింది. ఎందుకు అబద్ధం రాయాలె, దొలిచింది.

సేటుకు అయితె అనుమానం గాదు, ఖాయమే అనుకున్నడు. ఒకనాడు హోటల్ ముంగట అందరు చూస్తుండంగనే జంగీరును పట్టుకున్నడు.

"బజరు మొత్తుకుంటె నీకు కష్టమైతాందిరా? స్పీడు కొట్టనీకె సెన్సరు ఇప్పి గీకుతున్నవా? నా బండి పాడు జేసి నన్నే గేటు కాడ నిలవెడ్తవా?"

"అల్లా కసం సేటూ, నేను దానికి చెయ్యి గూడ తగిలియ్యలే."

"మిస్త్రీ తోల్తె పడదు, నువ్వు తోల్తెనే ఎట్ల పడుతదిరా? ఇంకొక్కపారి గీ మీటరు పడ్డదని నా చెవుల వడాలె, నార్కట్‌పల్లిల నీకు స్టీరింగ్ ఇచ్చేటోడు ఉండడు. ప్రతి ఓనరుకు నేనే చెప్త."

సేటు అన్నడంటె చేస్తడు. జంగీరు మొఖం బూడిద లెక్క అయింది. సాయంత్రం షెడ్డు కాడికొచ్చి నా ముంగట నిలవడ్డడు.

"దాసన్నా, నాకు ఇది తప్ప ఇంకో పని రాదు. దొంగ డ్రైవరని పేరు వడితె కోస్గికి ఏ మొఖం పెట్టుకొని పోవాలె? నువ్వు సుత నన్నే అనుకుంటున్నవా?"

నేను "ఛ, గట్ల గాదు" అన్న. గాని ఆయన కండ్లల్లకు చూసి అనలే. ఆయనకు అర్థమైంది. మర్లి పోయిండు.

గుట్ట దిగుడు

నేను బండి కంపెనీకి కబురు వెట్టిన. హైదరాబాద్ నుంచి మూర్తి సారు అని ఒక ఇంజనీరు వచ్చిండు. రాజమండ్రి దిక్కు మనిషి, నాకన్న చిన్నోడు. అండీ, గారూ లేకుండ మాట రాదు. మొదలు నేను మొఖం చిట్లిచ్చుకున్న, ఈయన గూడ ఇంకో సెన్సరు ఇచ్చి పోతడనుకున్న. ఆయన అట్ల చెయ్యలే.

"దాసు గారూ, ఇప్పటికి మార్చింది చాలండీ. జబ్బు వచ్చినప్పుడు నేను అక్కడ ఉండాలి. రోజూ ఎలా తోలుతారో అలాగే తోలమనండి. ఏమీ మార్చొద్దు, నేను ఉన్నానని భయపడొద్దు."

గీ మాటకే ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఈ మాట నేను ఎన్నడో జంగీరుకు చెప్పాల్సింది.

మంచి ఎండపూట బయలెల్లినం. ఎనక నిండు సిలిండర్లు. ముంగట ముగ్గురం, జంగీరు స్టీరింగ్ మీద, నడుమ మూర్తి సారు, డోర్ కాడ నేను. మహబూబ్‌నగర్ దాటి కోస్గి తొవ్వ వట్టినం. ఎక్కుడు దిగుడు, ఎక్కుడు దిగుడు, రెండు దిక్కుల ఎర్ర చెల్కలు, బండలు. మూర్తి సారు మీటరు మీదికెల్లి కన్ను తిప్పుతలేడు. జంగీరు జర్రంత నిమ్మలపడి, కంది చేన్లు ఈసారి మంచిగ ఉన్నయని ముచ్చట వెట్టిండు.

ఒక పెద్ద గడ్డ ఎక్కినం. మీద నుంచి చూస్తె రోడ్డు కింద దాంక జారుకుంట పోయి ఒక ఊరి నడుమకెల్లి పోతాంది. జంగీరు ముచ్చట ఆపకుండనే గేర్ రాడు న్యూటల్ చేసిండు. చెయ్యి కిందికి పోనిచ్చి ఒక పిడి గుంజిండు.

సప్పుడు బందైంది.

ఒక్క క్షణం నా చెవులే పోయినయనుకున్న. గాలి సప్పుడు ఒక్కటే ఉంది. ఎనక సిలిండర్లు ఒకదానికొకటి తాకి ఖణేల్ ఖణేల్ అంటున్నయి. బండి జారుతాంది, స్పీడు పెరుగుతాంది.

మూర్తి సారు రెండు చేతులతోని డ్యాష్‌బోర్డు వట్టుకొని అరిసిండు. "ఆగిపోయిందండీ! ఇంజన్ ఆగిపోయిందండీ! దాసు గారూ, ఇంజన్!"

జంగీరు ఆయన దిక్కు పాపం అన్నట్టు చూసిండు. "ఆగలే సార్. ఆపిన."

న్యూటల్ల దించేటోళ్లు ఉంటరని నాకు తెల్సు, గసుంటోళ్లను తిట్టిన గూడ. ఇంజనే బంద్ పెట్టి, నిండు గ్యాస్ బండిని గుట్ట మీదికెల్లి ఇడుస్తరని నాకు కలల గూడ తెల్వది. బండి తోలేది వాళ్లు, నేను బండి కింద పండుకునేటోన్ని. అప్పుడు చూసిన మీటరు దిక్కు. ముల్లు సున్నకు పడ్డది. ఎగిరింది. మల్ల పడ్డది. పట్టిచ్చుకునే తెలివి మా ఇద్దరికి లేదు.

కింద ఊరు మొదట్ల మేకల మంద రోడ్డు దాటుతాంది. జంగీరు బ్రేకు దొక్కిండు. సుస్సుమన్నది. మల్ల దొక్కిండు. లారీకి బ్రేకు పట్టేది గాలితోనే, గా గాలి చూపెట్టే ముల్లు మెట్టు మెట్టు కిందికి దిగుతాంది. ఇంజన్ నడిస్తెనే గాలి నిండుతది గదా, ఇంజన్ లేదాయె. ఇంకోపారి దొక్కంగనే ముల్లు ఎర్ర గీత కాడికొచ్చింది. ఏదో దోమ మొత్తుకున్నట్టు సన్నగ ఒక సప్పుడు. అదేందో తెల్సా? గాలి తక్కువైందని చెప్పే బజరు. తలనొప్పి లేస్తాందని జంగీరు దానికి పాత దస్తీ సుట్టి కట్టిండు!

మేకలు దాటినయి. కాపరోడు మా దిక్కు చూసి చెయ్యి ఊపిండు. జంగీరు గూడ ఊపిండు. ఊరు దాటినంక పిడి లోపటికి నూకి, గేరు ఏసి క్లచ్చి ఇడువంగనే బండి ఒక్క కుదుపుతోని లేసింది.

"ఆపు," అన్న. "బండి పక్కకు ఆపు."

మూర్తి సారు దిగి రాయి మీద కూసున్నడు. నీళ్ల సీస మూత ఆయనకు రాలే, నేను తీసిచ్చిన. జంగీరుకు ఏం అర్థమైతలేదు.

"ఏమైంది సార్? కడుపుల తిప్పిందా?"

"నీకెవరు చెప్పారయ్యా ఇంజన్ ఆపి దింపమని?"

"చెప్పుడేంది సార్? డౌన్ల అందరు బంద్ పెడ్తరు గదా. డీజిల్ ఊకెనే తాగుతది లేకపోతె. పెట్టనోడిని డ్రైవరనే అనరు."

నేను ఆయన భుజం వట్టుకొని ఊపిన. "అరె, నేను ఎన్నిపార్లు అడిగిన నిన్ను? మీటరు ఎప్పుడు పడిపోతాందంటె ఇంజన్ బంద్ పెట్టినప్పుడని ఒక్కపారి ఎందుకు చెప్పలే?"

"చెప్పిన గదా అన్నా. ప్రతిపారి చెప్పిన. డౌన్ల అని."

"డౌన్ల అంటె?"

"డౌన్ల అంటె గదే గదా అన్నా! బంద్ పెట్టి ఇడుసుడు. ఇంకేముంటది?"

నాకు నెత్తి మీద పిడుగు వడ్డట్టైంది. ఆయనకు డౌన్ అంటె జాగా గాదు, పని. నేనేమో జాగా అనుకొని, గేరు ఏసుకొని, గుట్టలన్ని దిగి వచ్చిన. ఒక్క మాట ఇద్దరం రోజు మాట్లాడినం, ఇద్దరం రెండు రకాలుగ ఇన్నం. ఆ మాట నడుమ ఒక మనిషి బతుకు తెగేటట్టు అయింది.

గేర్‌బాక్స్ ఇప్పినంక

షెడ్డుకు తెచ్చి గేర్‌బాక్స్ దించినం. ఎనక బేరింగు చేతిలకు తీసుకుంటె నల్లగ, నీలంగ కాలి ఉంది. షాఫ్టును చేతితోని ఊపితె లొటలొట ఊగింది. మూర్తి సారు నూనె మరకల నడుమ గొంతుక్కూసొని నాకు చెప్పిండు. ఇంజన్ నడిస్తె గేర్‌బాక్స్ అడుగున ఉన్న పండ్ల చక్రాలు తిరిగి నూనెను మీదికి చిమ్ముతయి. ఇంజన్ బంద్ పెట్టి బండిని ఇడిస్తె, బండి టైర్లు షాఫ్టును తిప్పుతయి గాని అడుగున పండ్ల చక్రాలు తిరగవు. నూనె అడుగునే ఉంటది, మీద బేరింగు ఎండుకుంట తిరుగుతది. అట్ల తిరిగి తిరిగి కాలిపోయింది. గేరుల ఉన్నప్పుడు షాఫ్టు ఒక పక్కకు బిగవట్టి ఉంటది, అందుకే ఎక్కుడుల, నేను గేరుల దించినప్పుడు మంచిగుంది. వట్టిగ జారేటప్పుడు ఊగుతది. ఊగినప్పుడు పండ్ల చక్రం ఒకపారి సెన్సరుకు దూరం జరుగుతది, ఒకపారి పోయి దాని మూతికే తాకుతది.

"సెన్సర్ పాడవటం లేదండీ. దెబ్బలు తింటూ కూడా ఉన్నదున్నట్టు చెబుతోంది," అన్నడు.

మేం దాని నోరు నొక్కుకుంట వచ్చినం. కొత్తది, ఇంకో కొత్తది, వాషరు. ఇంకొన్ని దినాలైతె షాఫ్టు ఊడి రోడ్డు మీద వడేది, నిండు సిలిండర్లతోని.

పిల్లలూ, ఒక్క మాట. "ఎప్పుడు పాడైతాంది?" అని అడిగి ఊకోకుండ్రి. "అప్పుడు నువ్వేం చేస్తున్నవు?" అని అడుగుండ్రి. డ్రైవరు అబద్ధం చెప్తడని అనుకునే ముందు, ఆయనకు చెప్పాల్సినంత పెద్ద సంగతి అనిపియ్యలేదేమో అని ఆలోచన చెయ్యిండ్రి. రోజు చేసే పనిని ఎవ్వడు చెప్పడు. పొద్దుగాల లేసి మొఖం కడుక్కున్న అని మీరు చెప్తరా?

ఇప్పుడు ఇంకో పెంట. సెన్సరు గీకిండన్న నింద జంగీరు మీదికెల్లి పోయింది. గాని గేర్‌బాక్స్ కాలవెట్టిండన్న మాట నెత్తి మీదికొచ్చింది. జంగీరు నా చెయ్యి వట్టుకున్నడు.

"సేటుకు చెప్పకన్నా. బేరింగు పాతదైందని చెప్పు. నీ కాళ్లు మొక్కుత."

"చెప్పకపోతె రేపు మల్ల గట్లనే దించుతవు."

"దించ. నా పిల్లల మీద ఒట్టు."

నేను ఒప్పుకునేటోన్నేమో. మూర్తి సారు తల అడ్డం ఊపిండు. "ఇతనొక్కడే కాదు కదండీ, సేటు గారి బండ్లన్నీ ఇలాగే దిగుతూ ఉంటాయి." నిజమే అనిపిచ్చింది. సేటుకు కబురు పంపినం.

సేటు వచ్చిండు

అంజయ్య సేటు జీపు దిగి వచ్చేటప్పటికి జంగీరు తల దించుకొని గోడకు నిలవడ్డడు. నేను కాలిన బేరింగు సేటు చేతిల వెట్టిన. ఉన్నదున్నట్టు చెప్పిన. జంగీరు సెన్సరు ముట్టలేదన్న. డౌన్ల ఇంజన్ బంద్ పెట్టుడుతోని గిట్లైందన్న. ఇగ తిట్లు మొదలైతయని పండ్లు బిగవట్టుకొని నిలవడ్డ.

సేటు బేరింగును అటు ఇటు తిప్పి చూసి, నవ్విండు.

"గింతేనా? దీనికే ఇంత లొల్లి చేసిండ్రా? బంద్ పెట్టుడు వానికి నేర్పిందే నేను. నా బండ్ల మీద ఉన్న డ్రైవర్లందరికి నేనే నేర్పిన. స్టీరింగ్ పట్టినన్ని ఏండ్లు నేను గట్లనే నడిపిన. జంగీరూ, ఇటు రా బిడ్డా. అనుమానపడ్డ, మనసుల వెట్టుకోకు. దాసూ, కొత్త బేరింగు ఎయ్యి."

జంగీరు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. సేటుకు నేను ఏం చెప్పాలె? ఎట్ల చెప్పాలె? మూర్తి సారే లేసి నిలవడ్డడు.

"సేటు గారూ, బేరింగ్ సంగతి వదిలేయండి. బ్రేకుల సంగతి చెబుతున్నాను. ఇంజన్ ఆగితే గాలి పంపు కూడా ఆగుతుందండీ. ట్యాంకులో మిగిలిన గాలితోనే బ్రేకులు పడాలి. కొన్నిసార్లు తొక్కితే అది అయిపోతుంది. మొన్న నా కళ్లతో చూశాను, ఇంకో మేకల మంద అడ్డొస్తే మేము లేము."

"అయిపోతె?"

"ఇక పెడల్ ఎంత తొక్కినా పట్టదండీ. కాలు కిందిదాకా పోతుంది, అంతే."

సేటు నవ్వు మొఖం మీద అట్లనే ఉండిపోయింది, గాని అది నవ్వు గాదు.

"సారూ," అన్నడు. సేటు ఎవ్వరినన్న సారూ అనంగ నేను అదే మొదలు ఇనుడు. "గట్ల అయినప్పుడు రోడ్డు మీద టైర్ల గీతలు వడతయా?"

"ఎలా పడతాయండీ? బ్రేకు పట్టి చక్రం ఆగితే కదా గీత పడేది."

సేటు చేతిలకెల్లి బేరింగు జారి కింద వడ్డది. ఆయన పక్కనున్న టైరు మీద కూలవడ్డడు. నేను గుండెపోటు వచ్చిందనుకొని ఉరికిన. నన్ను చేతితోని ఆపిండు.

"నా తమ్ముడు సైదులు," అన్నడు. "నీకు తెల్వదు దాసూ, నువ్వు రాకముందు సంగతి. నాకున్న ఒక్క తమ్ముడు. నా మొదటి లారీ వాడే తోలేటోడు. వడ్ల లోడుతోని గుట్ట దిగుకుంట పోయి కల్వర్టుకు గుద్దిండు. వాడు పోయిండు, మీద కూసున్న కూలోళ్లు ఇద్దరు పోయిండ్రు. మేం ఉరికి పోయి చూసినం. గుట్ట మీదికెల్లి కల్వర్టు దాంక రోడ్డు మీద ఒక్క గీత లేదు. బ్రేకు దొక్కినట్టే లేదు. వచ్చినోళ్లందరు ఒకటే మాట, నిద్రపోయిండని. నేను గూడ గదే అన్న. పోలీసోళ్లకు గదే చెప్పిన. కూలోళ్ల ఇండ్ల కాడికి పోయి, మా వాడు నిద్రపోయి మీ వాళ్లను సంపిండని కాళ్లు మొక్కిన."

ఆయన రెండు చేతులతోని మొఖం రుద్దుకున్నడు.

"వాని దినాల కాడ నేను ఏడ్వలే దాసూ. నిద్రకు ఆగలేనోడు స్టీరింగ్ ఎందుకు పట్టాలె అని వాని పెండ్లాం ముంగటనే తిట్టిన. ఆమె చెప్పింది, రాత్రి మంచిగ పండుకొనే పోయిండు బావా అని. నేను ఇనలే. పిల్లను ఎత్తుకొని తల్లిగారింటికి పోయింది, మల్ల నా గడప తొక్కలే. డౌన్ల బంద్ పెట్టుడు వానికి నేనే నేర్పిన. పక్కన కూసోని, చెయ్యి వట్టి, గా పిడి నేనే గుంజిపిచ్చిన."

జంగీరు గోడ కాడికెల్లి వచ్చి సేటు పక్కన కింద కూసున్నడు. సేటు నా దిక్కు చూసిండు. గా చూపు నేను సచ్చే దాంక మర్వ.

"దాసూ, నువ్వు మిస్త్రీవి. చెప్పు. వాడు బ్రేకు దొక్కిండంటవా?"

గా లారీ ఎన్నడో తుక్కుకు పోయింది. నేను దాన్ని చూడలే, గా రోడ్డు చూడలే. ఖాయంగ చెప్పే హక్కు నాకు లేదు. గాని ఆ మనిషి ముంగట "తెల్వది" అనే గుండె నాకు లేకపాయె.

"దొక్కే ఉంటడు సేటూ," అన్న. "పట్టకపోతె మల్ల మల్ల దొక్కి ఉంటడు."

సేటు తల ఊపిండు. చాన సార్లు ఊపిండు. టైరు వట్టుకొని లేసిండు, లుంగీ దులుపుకున్నడు. రోడ్డు మీద ఉన్న తన బండ్లకు చెక్‌పోస్టుల కాడ, హోటళ్ల కాడ కబురు వెట్టమని, యాడున్నోళ్లను ఆడ ఆపమని నాకు చెప్పిండు. జీపు తాళం జంగీరు చేతిల వెట్టిండు.

"తియ్యి బండి. సైదులు పెండ్లాం కాడికి పోవాలె."

జంగీరు భయపడుకుంటనే అడిగిండు. "ఇన్నేండ్లకు పోయి ఏం చెప్తవు సేటూ?"

"వాడు నిద్రపోలే అని చెప్త."